బయట గడియ వేసిన బాక్సు

మా అత్తగారికి చీకటంటే భయం లేదు, వెలుతురంటేనే చిరాకు. గదిలో లైటు వేస్తే చాలు, ఇప్పుడేం కనపడటం లేదని అంటుంది. కరెంటు పని చేసుకుని బతికే అల్లుడికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది? పెళ్ళయిన కొత్తలో ఒక సాయంత్రం స్విచ్చి వేసి అదిరిపడ్డాను. గోడవార ముక్కాలిపీట మీద కూర్చుని, కటిక చీకట్లో, ఆవిడ నా చొక్కాకి గుండీ కుడుతోంది. కుట్టు చూస్తే ఒక్క పోగు కూడా పక్కకి పోలేదు.

ఆ అలవాటు ఉద్యోగం వల్ల వచ్చింది. ఇరవయ్యో ఏట నుంచి పదిహేడేళ్ళ పాటు ఆవిడ సినిమా హాల్లో బాల్కనీ గుమ్మం దగ్గర టార్చిలైటు పట్టుకుని నిలబడింది. టికెట్టు చింపడం, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి సీటు చూపించడం, ముందు సీటు మీద కాళ్ళు పెట్టినవాళ్ళ మొహాన టార్చి కొట్టడం ఆవిడ పని. ఊళ్ళో నడివయసు దాటినవాళ్ళకి ఆవిడ ఇప్పటికీ టార్చమ్మే. ఎవరు ఎవరి పక్కన కూర్చుని సినిమా చూశారో ఆవిడకి తెలుసు. పెళ్ళిళ్ళు చెడగొట్టగలిగినంత తెలుసు. కానీ ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. మాటని కడుపులో దాచుకోవడంలో ఆవిణ్ణి మించినవాళ్ళు ఉండరని చాలాకాలం అనుకున్నాను. ఉన్నారు, నా ఇంట్లోనే ఉన్నారని తర్వాత తెలిసింది.

మామగారిని నేను చూడలేదు. ఆయన అదే హాల్లో ఆపరేటరు. ఫిలిం ఆడించే మెషిన్లుండే గదిని వాళ్ళు బాక్సు అంటారు. జనం ఆయన్ని కూడా బాక్సుగారనే పిలిచేవాళ్ళట. హాలు మూసేసిన రోజు నుంచి ఆయన ఇంటికి రాలేదు. ఎక్కడో దూరపు ఊళ్ళో పనికి కుదిరాడని ఒకరు, రైల్లో కనపడ్డాడని ఒకరు, బంధువులు తలో మాటా అనేవాళ్ళు. అత్తగారు ఔననేది కాదు, కాదనేది కాదు. అల్లుణ్ణి కదా, అడగరానిది ఎందుకు అడగాలని నేనూ ఊరుకున్నాను. అలా పదేళ్ళు ఊరుకున్నాను.

హాలు తాతల నాటిది. ముఖభాగాన సున్నంతో చేసిన పూలదండలు, మధ్యలో రంగుటద్దాల గుండ్రటి కిటికీ ఉండేవి. యజమానులైన అన్నదమ్ములు తగాదా పడి కోర్టుకెక్కడంతో ఇరవై రెండేళ్ళు తాళం పడింది. ఇన్నాళ్ళకి ఊరి పాలకవర్గం దాన్ని చేతిలోకి తీసుకుంది. కూల్చకుండా, కింద చదువుకునే హాలు, తెర ఉన్న చోట వేదిక, బాల్కనీలో నలుగురూ కూర్చుని మాట్లాడుకునే చోటు కట్టాలని తీర్మానించింది. ఎవరైనా రావచ్చు, టికెట్టు లేదు. వైరింగు పని నాకు దొరికింది.

ఆ సంగతి భోజనాల దగ్గర గొప్పగా చెప్పాను. మా ఆవిడ నా గ్లాసులో నీళ్ళు పోస్తూ పోస్తూ, పొంగి పళ్ళెంలో పడేదాకా ఆపలేదు. అత్తగారు చెయ్యి కడుక్కొచ్చి, బాక్సు కూడా తెరుస్తారా అని అడిగింది. తెరవక తప్పదన్నాను. మర్నాడు పొద్దున నాకన్నా ముందే చెప్పులేసుకుని వాకిట్లో నిలబడి ఉంది. హాల్లో ఎక్కడ మెట్టుందో చెప్పడానికి తెలిసిన మనిషి ఒకరుండాలంది. పెళ్ళయి పదేళ్ళయినా నన్ను మీరు అనే పిలిచే మనిషి, వద్దంటే మాత్రం వినదు.

తలుపు తీసేసరికి లోపలి గాలి చల్లగా మొహానికి తగిలింది. బయట పట్టపగలు, వీధి నిండా హారన్లు. లోపల పది అడుగులు వేస్తే అవేమీ వినపడవు. పాత హాళ్ళ గోడలు అలాంటివి, వీధి చప్పుడు సినిమాలోకి రాకూడదని మందంగా కట్టేవాళ్ళు. పైకప్పు కన్నాల్లోంచి నాలుగైదు చోట్ల వెలుగు సన్నగా దిగుతోంది. నేను తలకి లైటు కట్టుకుని కూడా రెండుసార్లు తూలాను. ఆవిడ చేతిలో ఏమీ లేకుండా సీట్ల మధ్య నడిచి వెళ్ళింది. కొంగు ఒక్క సీటుకి కూడా తగల్లేదు. నేను కాలు వెయ్యబోయే ముందు "మెట్టు" అనేది, మెల్లగా, చెవిలో చెప్పినట్టు. కాస్త గట్టిగా మాట్లాడండి అత్తయ్యా, ఇక్కడెవరున్నారన్నాను. ఆవిడ బాల్కనీ వైపు చూసి, ఆ తర్వాత కూడా అంతే మెల్లగా మాట్లాడింది.

వారం తిరిగేసరికి పనివాళ్ళు సీట్లన్నీ పీకేశారు. ఖాళీ నేల మిగిలింది. దాని మీద కూడా ఆవిడ వరసలు ఉన్నట్టే నడిచేది. మధ్య దారిలో వెళ్ళి, ఉన్నట్టుండి కుడికి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పక్కకి జరుగుతూ పోయేది, ఎవరి కాళ్ళయినా తొక్కుతానేమో అన్నట్టు. మొదట్లో పనివాళ్ళు నవ్వారు. మూడోరోజు నుంచి ఆవిడ అలా నడుస్తుంటే పని ఆపి పక్కకి తప్పుకునేవాళ్ళు. మేస్త్రి దేన్నయినా వేళాకోళం చేసే మనిషి, వాడు కూడా ఆ దారిలో బస్తా దింపనిచ్చేవాడు కాదు. ఎందుకురా అంటే, ఏమో అన్నా, ఎవరైనా కూర్చున్నారేమో అన్నాడు.

బాక్సు సంగతి ఆ రోజుల్లోనే మాటల మధ్య తెలిసింది. దాని ఇనప తలుపుకి లోపల గడియ లేదు, బయటే ఉంది. వెనకటికి ఒక ఆపరేటరు ఆట మధ్యలో టీకి దిగిపోయాడట. రీలు అయిపోయి తెర తెల్లగా మిగిలింది, జనం సీట్లు చింపేశారు. అప్పట్నుంచి ఆట మొదలవగానే ఆపరేటరుని లోపల పెట్టి బాల్కనీ మనిషి బయట గడియ వెయ్యాలి. ఆయన లోపల్నుంచి బెల్లు నొక్కుతాడు. ఒక బెల్లు కొడితే ఆట అయిపోవచ్చింది, హాలు తలుపులు తియ్యమని. రెండు కొడితే నన్ను బయటికి రానివ్వమని. ఇంకో నియమం కూడా ఉంది. లోపల మనిషున్నా లేకపోయినా గడియ వేసే ఉండాలి, ఫిలిం డబ్బాలు ఉంటాయి కాబట్టి. మొగుణ్ణి లోపల పెట్టి గడియ వేసే అదృష్టం ఎంతమందికి పడుతుందని, బాల్కనీకి వచ్చే ఆడవాళ్ళు మా అత్తగారిని ఆటపట్టించేవాళ్ళట.

ఆ బెల్లు బాల్కనీ మెట్ల కింద గోడకి ఉంది. ఒకరోజు మధ్యాహ్నం నిచ్చెన మీద నిలబడి దాని పాత వైర్ల పైపు విప్పుతున్నాను. బెల్లు నుంచి వచ్చే రెండు వైర్లూ అప్పుడే కత్తిరించాను, రెండు కొసలూ నా ఎడమ చేతిలో ఉన్నాయి. అసలు ఆ హాల్లో కరెంటే లేదు. నా ముక్కుకి జానెడు దూరంలో బెల్లు మోగింది. రెండుసార్లు. బొటనవేలితో విసుగ్గా నొక్కినట్టు, పొట్టిగా.

కింద ఊడుస్తున్న అత్తగారు తలెత్తింది. నేను బెల్లు వంక చూశాను. దాని మీద దుమ్ము దుమ్ములాగే ఉంది, ఒక్క రేణువు కూడా కదల్లేదు. కరెంటు లేనిదే బెల్లు మోగదు. ఇరవై ఏళ్ళుగా నేను అన్నం తింటున్నది ఈ ఒక్క నమ్మకం మీద. పైన ఏదో పడ్డట్టుంది అన్నాను. పావురాలు అయ్యుంటాయి బాబూ అంది ఆవిడ. బాల్కనీలో పావురాలు లేవు. హాలంతా గూళ్ళు పెట్టాయి గానీ, అటువైపు ఒక్కటీ పోలేదు. ఇద్దరం ఆ మాటతో సరిపెట్టుకున్నాం.

బాక్సు తెరిచే రోజు దగ్గరపడుతుంటే ఆవిడ తిండి తగ్గిపోయింది. ఒకసారి మేస్త్రిని పక్కకి పిలిచి, ఆ గదిని తెరవకుండా ముందు గోడ కట్టేస్తే పోదా అని అడిగిందట. లోపల మీ ఆయన లంకెబిందెలు దాచాడా పెద్దమ్మా అని వాడు వేళాకోళమాడాడు. ఆవిడ మొహం చూసి మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆ మాట వాడు నాకు చెప్పినప్పుడు నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. రేపు తెరుస్తారనగా, మధ్యాహ్నం పనివాళ్ళు అన్నానికి వెళ్ళాక, పీకి పేర్చిన సీట్ల పక్కన ఆవిణ్ణి కూర్చోబెట్టి అడిగాను.

"మీ మామగారు లోపలున్నారు బాబూ" అంది.

ఆ పైన తనే చెప్పుకుంటూ పోయింది. "చివరి రోజు మధ్యాహ్నం ఆట. హాలు మూసేస్తారని నెల ముందే తెలుసు. ఆయన నన్నొక మాటైనా అడక్కుండా వేరే ఊళ్ళో హాలుకి వస్తానని ఒప్పుకుని వచ్చాడు. నాది ఉద్యోగం కాదా? నేనూ ఈ ఊళ్ళో ఏదో చూసుకోవాలని అనుకోకూడదా? నువ్వు పో, మేం రామన్నాను. ఆట మొదలయ్యాక ఎప్పట్లాగే గడియ వేశాను. అయిపోయాక రెండు బెల్లులు కొట్టాడు. వినపడింది. కాసేపు ఉండనీ అని, పిల్లని గేటు దగ్గర కూర్చోబెట్టి బజారులో ఒక చుట్టు తిరిగొచ్చాను."

తిరిగి వచ్చేసరికి మేనేజరు ప్రధాన గేటుకి తాళం వేస్తున్నాడట. హాలంతా చూశానని, ఎవరూ లేరని చెప్పాడట. బాక్సు కూడా చూశానమ్మా, బయట గడియ వేసే ఉంది, ఇంక లోపల ఎవరుంటారు అన్నాడట. ఆ మాటకి ఆవిడ నోరు మెదపలేదు. కోపం ఇంకా దిగలేదు. ఒక్క రాత్రి ఉంటే దారికొస్తాడు, పొద్దున్నే మేనేజరుని లేపి తీయించవచ్చని పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి వచ్చేసింది. పొద్దున్న వచ్చేసరికి కోర్టువాళ్ళు గేటుకి లక్క సీలు వేస్తున్నారు, పక్కన ఇద్దరు పోలీసులు.

"నోరు తెరిచాను బాబూ. మాట రాలేదు. లోపల మనిషున్నాడంటే రాత్రంతా ఎందుకు చెప్పలేదంటారు. పక్కన తొమ్మిదేళ్ళ పిల్ల. మర్నాడు చెబుదామనుకున్నా. ఆ మర్నాడు ఇంకా కష్టమైంది. వెనక సందులో గోడకి చెవి పెట్టి నిలబడేదాన్ని. నాలుగు రోజులు బెల్లు మోగింది. రెండు, మళ్ళీ రెండు. ఐదో రోజు మోగలేదు."

నాకు కోపం వచ్చింది, దాచను. ఈ చేతి వంట పదేళ్ళు తిన్నాను, ఈ చేతులు నా పిల్లలకి స్నానం చేయించాయి. వెంటనే జాలి ముంచుకొచ్చింది. ఏదో ఒకటి అనాలి కదా అని, సీలు వేసిన రోజే కరెంటు కూడా కోసేస్తారు అత్తయ్యా, ఆ నాలుగు రోజులూ బెల్లు మోగే అవకాశమే లేదు, మీ భ్రమ అన్నాను.

"మరి మొన్న మీకెలా మోగింది?" అంది.

నేను లేచి మెట్ల కింద బెల్లు దగ్గరికి వెళ్ళి, కత్తిరించిన కొసలు మళ్ళీ ఒకసారి చూసుకున్నాను.

మర్నాడు ఏం చెయ్యాలో రాత్రంతా ఆలోచించినా తేలలేదు. పోలీసులకి ముందే చెప్పాలా, తెరిచాక చెప్పాలా? మా ఆవిడకి చెప్పాలంటే నాలుక ఆడలేదు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. పొద్దున మేస్త్రికి ఏదో అబద్ధం చెప్పి పనివాళ్ళందర్నీ వెనక వాకిలి దగ్గరికి పంపేసి, నేనూ ఆవిడా బాల్కనీ ఎక్కాం. గడియ తుప్పుతో బిగిసిపోయి ఉంది. నేను సుత్తి ఎత్తితే ఆవిడ నా చెయ్యి ఆపింది. సీసాతో తెచ్చుకున్న నూనె పోసి, అరచేత్తో రుద్ది, మళ్ళీ పోసి, పావుగంట సేపు తనే కదిపింది. గడియ వచ్చింది. తలుపు లాగే ముందు, ఆవిడ తలుపుకి దగ్గరగా మొహం పెట్టి ఏదో అంది. నాకు వినపడలేదు, వినాలనీ అనిపించలేదు.

లోపల ఎవరూ లేరు.

రెండు మెషిన్లు, ఒక ఎత్తు స్టూలు, గోడకి చొక్కా తగిలించుకునే మేకు ఉన్నాయి. మేకు ఖాళీగా ఉంది. నేల మీద దుమ్ము పరుపు పరిచినట్టు ఒకే మట్టంగా ఉంది. తెర వైపు కన్నాలు నా చెయ్యి పట్టేంత ఉన్నాయి, అంతే. పైకప్పు శ్లాబు, గోడలు మూరెడు మందం. ఇంకో తలుపు లేదు, కిటికీ లేదు. ఆవిడ నాలుగు గోడలూ అరచేత్తో తడుముకుంటూ ఒక చుట్టు తిరిగింది. మెషిన్ల కింద వంగి చూసింది. మేస్త్రి ఆగలేక పైకొచ్చి, తొంగి చూసి, ఈ మాత్రం దానికి ఇంత గడియా అని దిగిపోయాడు.

నేను గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. చూశారా అత్తయ్యా, మీరు అనవసరంగా కుమిలిపోయారు అందామని నోరు తెరిచాను. ఆవిడ గుమ్మంలో నిలబడి గడియ వంకే చూస్తోంది. గడియ వేసింది వేసినట్టే ఉంది, మరి మనిషి ఎటు పోయాడు అంది. అప్పుడు నాకు తట్టింది. పీల్చిన ఊపిరి అక్కడే ఆగిపోయింది.

"ఇక్కడే ఉన్నాడనుకుని ఇన్నేళ్ళూ బతికాను బాబూ. వీధిలో పోతూ రోజూ ఒక మాట చెప్పి పోయేదాన్ని. ఇక్కడా లేకపోతే నేనెవరికి చెప్పాను?" అంది.

పని అక్కడితో ఆపి ఇంటికి తీసుకొచ్చేశాను. మా ఆవిడ వరండాలో ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఈ వేళప్పుడు ఎందుకొచ్చారని అడిగింది. అత్తగారు స్తంభానికి ఆనుకుని కూలబడింది. చెప్పమంటారా అన్నట్టు ఆవిడ వైపు చూశాను, ఆవిడ కాదనలేదు. మొదటి నుంచి చెప్పాను. తగాదా, రెండు బెల్లులు, బజారులో చుట్టు, మేనేజరు మాట, లక్క సీలు అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ మా ఆవిడ చేతిలో ఒకే చొక్కా ఉంది. దాన్ని మడిచి విప్పి మళ్ళీ మడుస్తోంది. ఖాళీ గది దగ్గరికి వచ్చేసరికి చొక్కా కింద పెట్టేసింది.

"గడియ నేను తీశాను" అంది.

అత్తగారు తల తిప్పలేదు. "మళ్ళీ ఎవరు వేశారు?"

"నేనే. లోపల ఎవరున్నా లేకపోయినా వేసే ఉండాలని నువ్వే చెప్పావుగా అమ్మా."

గేటు దగ్గర కూర్చున్న పిల్లకి, ఆట అయ్యాక తీసి ఉంచిన తలుపుల్లోంచి బెల్లు వినపడింది. రెండు, కాసేపాగి మళ్ళీ రెండు. అమ్మ కనపడలేదు. పైకెళ్ళి, ఖాళీగా ఉన్న ఇసక బకెట్టు బోర్లించి ఎక్కి గడియ లాగింది. నాన్న చొక్కా తొడుక్కుని పక్క మెట్ల మీంచి వెళ్ళిపోయాడు. పిల్ల తలుపు మళ్ళీ మూసి, నియమం ప్రకారం గడియ వేసి, బకెట్టు యథాస్థానంలో పెట్టి, అమ్మ కూర్చోమన్న చోటికి వచ్చి కూర్చుంది. మర్నాడు నాన్నేడీ అంటే ఊరెళ్ళాడని అమ్మే చెప్పింది. సరే, అమ్మకి అంతా తెలుసనుకుంది. తల్లి అబద్ధం చెప్పాననుకుంది. కూతురు అదే నిజమనుకుంది. ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర, ఇద్దరూ ఆ మాట మళ్ళీ ఎత్తకుండా ఇరవై రెండేళ్ళు గడిపారు. ఎవరైనా ఒక్కసారి నోరు జారి ఉంటే ఎంత బాగుండేది! నాకు ఆ క్షణాన ఇద్దరి మీదా పట్టరాని కోపం వచ్చింది.

పోనీలే, పెద్దదానివయ్యాక అయినా చెప్పి ఉండకూడదా అని మా ఆవిణ్ణి గట్టిగానే అడిగాను. ఆమె వెళ్ళి తల్లి ఎదురుగా కింద కూర్చుంది.

"తలుపు తియ్యగానే నాన్న నన్ను చూడలేదమ్మా. నా వెనక మెట్ల మీదకి చూశాడు. మీ అమ్మ పంపిందా అని అడిగాడు. లేదు, నేనే వచ్చానన్నాను. కాసేపు అలాగే నిలబడి వెళ్ళిపోయాడు. ఔనని ఒక్క మాట అని ఉంటే ఆగేవాడేమో. గడియ సంగతి చెబితే ఆ మాట కూడా చెప్పాలి కదా. అందుకే నీకు చెప్పలేకపోయాను."

చెప్పి, దెబ్బ పడుతుందని ఎదురుచూసే పిల్లలా తల వంచుకుంది. నా ఇద్దరు పిల్లల తల్లి, నాతో పదేళ్ళు కాపురం చేసిన మనిషి, నాకు ఆ క్షణం తొమ్మిదేళ్ళ పిల్లలాగే కనపడింది. నాకు ఏడుపొచ్చింది. అత్తగారు ఏడవలేదు. చాలాసేపు కూతురి పాపిట వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత చెయ్యి చాపి ఆ తల మీద పెట్టింది.

"నువ్వు నిజమే చెప్పావు కదే" అంది. "నేను పంపలేదు."